ఎడమ సీటు

వీరభద్రం బ్రేకు తొక్కాడు. కారు ముందు భాగంలో ఎక్కడో కుయ్‌మంది.

"మళ్లీనా?" వెనక సీట్లోంచి అడిగింది అతని భార్య అమ్మడు.

"మేడ్చల్ మెకానిక్ దగ్గరికి వెళ్తున్నది దానికేగా."

సెకండ్ హ్యాండ్ కారు. కొన్నప్పటినుంచీ తొక్కినప్పుడల్లా ఇదే చప్పుడు. మచ్చ బొల్లారంలో ఒక మెకానిక్ చక్రాలన్నీ విప్పి చూసి, ఏమీ లేదన్నాడు. ఏమీ లేదన్నాక వీరభద్రానికి భయం ఇంకా పెరిగింది. ఏదో ఒకరోజు ఆ చప్పుడుతోపాటే బ్రేకు పోతుందని అతని నమ్మకం. అందుకే తొక్కాల్సిన చోట కాలు ఒక్క క్షణం వెనకాడేది.

శామీర్‌పేట బస్టాపు దగ్గర ఒక పెద్దాయన కారును తేరిపార చూసి చెయ్యెత్తాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి.

"మేడ్చల్ దాంక వస్త సార్. బస్సు ఎల్లిపోయింది."

"పాపం, ఎక్కించుకోండి," అంది అమ్మడు.

ఆయన ఎడమ సీట్లో కూర్చున్నాడు. చూడకుండానే కిందికి చెయ్యి పోనిచ్చి, సీటు ముందుకు జరుపుకున్నాడు.

"గీ బండి ఏడ కొన్నరు సార్?"

"ఎందుకు?"

"ఊకెనే."

లిఫ్టు అడిగి దోచుకునేవాళ్ల గురించి ఫోన్లో చదివినవన్నీ వీరభద్రానికి గుర్తొచ్చాయి. ఓరకంట చూశాడు. ఆయన కుడికాలు కింద కార్పెట్‌ను మెల్లగా తడుముతోంది. ఏం వెతుకుతున్నాడు?

బ్రేకు మళ్లీ కుయ్‌మంది.

"సప్పుడుకు భయపడ్తున్నరా సార్?"

"నేనెందుకు భయపడతాను?"

"మీ కాలు భయపడ్తాంది."

"కాలొక్కటే కాదు బాబాయ్‌గారూ, మనిషంతా అంతే!" అమ్మడు నవ్వింది.

వీరభద్రానికి నవ్వు రాలేదు.

రోడ్డు వాలులో ఒక కాలేజీ బస్సు ఆగి ఉంది. దాని ముందునుంచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, ఒక అమ్మాయి రోడ్డు మీదికి వచ్చేసింది.

"ఏవండీ!"

వీరభద్రం కళ్లు మూసుకున్నాడు.

కుయ్‌మని పెద్ద చప్పుడు. కారు ఊగి ఆగిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఆ అమ్మాయి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. ఏడుపు ఆపుకుంటూ రోడ్డు దాటేసింది.

"సమయానికి తొక్కారండీ," అంది అమ్మడు.

"ఆఁ," అన్నాడు వీరభద్రం. అప్పుడు చూశాడు. పెద్దాయన కాలు ఇంకా ముందుకు చాచి, బిగిసి ఉంది.

ఒళ్లంతా పాకిన భయానికి దిగే చోటు దొరికింది.

"ఎక్కినప్పట్నుంచీ చూస్తున్నా. ఏం తన్నుతున్నావయ్యా అక్కడ? దిగు!"

"సార్, గీ బండి నాకు..."

"దిగమన్నానా!"

ఆయన ఎండలోకి దిగాడు. తలుపు మెల్లగా మూసి, కిటికీలోకి వంగాడు.

"పైలం సార్. సప్పుడైతే బ్రేకు పడ్డట్టే. కానప్పుడు భయపడుర్రి."

మేడ్చల్‌లో మెకానిక్ ధర్మేందర్ చక్రాల జోలికే పోలేదు. వీరభద్రాన్ని బ్రేకు తొక్కమని చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత ఎడమ సీటు ముందు కార్పెట్ లేపాడు.

"గిది జూడుర్రి. డ్రైవింగ్ స్కూల్ బండి మీకు అంటగట్టిండ్రు. నేర్పే సార్‌కు గీడ ఇంకో బ్రేకు ఉంటది. పెడల్ కోసిండ్రు గని, మోడు ఇడిసిపెట్టిండ్రు. మీరు తొక్కినప్పుడల్లా గీ తుప్పువట్టిన రాడ్డు కదులుతాంది, కుయ్యంటాంది. గంతే."

"ఈ మోడును తొక్కినా బండి ఆగుతుందా?"

"ఆగకుంటే ఎట్ల సార్? నేర్సుకునేటోళ్లు భయంతోని కాలు తీసేస్తరు. ఆయనే ఆపాలె గద."

లేపిన కార్పెట్ మీద, సరిగ్గా మోడు తగిలే చోట, దుమ్ము చెప్పు గుర్తు ఉంది.

అమ్మడు దానివంక చూసింది. "ఏవండీ, ఇందాక తొక్కింది మీరేగా?"

ఆ అమ్మాయి రోడ్డు మీదికి వచ్చిన క్షణంలో తన కాలు ఎక్కడుందో వీరభద్రానికి అప్పుడు గుర్తొచ్చింది: సీటు కిందికి ముడుచుకొని ఉంది.