ఇంగ్లండు నదులు

"ఏటి పంతులూ, ఆపేసినావు?" గోడ అవతలి నుంచి మున్సామి కేకేశాడు.

నేను భూగోళం పుస్తకం పక్కన పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసుకుని, విషజ్వరం నాకూ వచ్చిందేమో చూసుకుంటున్నాను. పొద్దుటి నుంచి నాకు అదే పని.

జ్వరాల వల్ల మిషన్ బడి మూసేశారు. పంతులు పరీక్షకు చదువుతున్న నేను సముద్రం అవతల రారవాయి చెరకుతోటలో, కూలీలుండే వరస గదుల లైనులో, మామయ్య గదిలో చిక్కుకుపోయాను. భయం వేసినప్పుడల్లా గట్టిగా పాఠం చెప్పుకునేవాణ్ణి. గదుల మధ్య గోడలు కప్పుదాకా ఉండవు. అందుకని లైనంతా నా విద్యకు మురిసిపోతోందని నా నమ్మకం.

"ఇంగ్లండు నదులు నచ్చాయా అన్నా?" అని ఉబ్బిపోతూ అడిగాను.

"నదులా? నాకేటి తెలుసు? జ్వరమొచ్చిన కాడి నుంచి మా ఇంటిది ఎర్రమ్మకి కంటి మీద కునుకు లేదు. నిద్రపోకపోతే బతకదని డాక్టరు సాబ్ అనేసినాడు. ఇందాక నువ్వు మొదలెట్టినావు, రెప్ప వాలింది. ఆపినావు, మళ్లీ మేలుకున్నాది."

"అంటే నా పాఠం..."

"జోలపాట కన్నా మేలు బాబూ! అంత విసుగు ఇంకెవుడు పుట్టించగలడు? చదువు, నీ కాళ్లు మొక్కుతాను."

నవ్వబోయాను. కానీ అతని గొంతు వణుకుతోంది.

గోడ దగ్గరికి జరిగి, థేమ్స్ నుంచి మొదలుపెట్టాను. అవతల ఎర్రమ్మ దగ్గు నెమ్మదించింది. కాసేపటికి ఆగింది.

"తొంగుంది బాబూ, ఆపకు" అన్నాడు మున్సామి గుసగుసగా.

పుస్తకంలోని నదులన్నీ అయిపోయాయి. ఎర్రమ్మ ఎక్కడ మేలుకుంటుందోనని, నాగావళినీ వంశధారనీ కూడా ఇంగ్లండులో పారించేశాను.