మాడిన బేరింగులు

"త్వరగా బిగించు వీరేందర్. సాయంత్రం చర్ల దాకా వెళ్లాలి," అంది కారు యజమానురాలు సుజన.

వెళ్లండి, అనుకున్నాడు మెకానిక్ వీరేందర్. అడవి మధ్యలో ఇంజను మళ్లీ పట్టేసి, కారు ఆగిపోతుంది.

పోయిన వానాకాలం తన తల్లిని పాము కరిస్తే కారు అడిగాడు. చెడిపోయిందంటూ ఈమె భర్త గుమ్మంలోంచే పంపించేశాడు. తల్లి దారిలోనే పోయింది. అందుకే, సుజన ఖమ్మంలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి చవకగా తెచ్చిన మంచి బేరింగులు దాచేసి, మాడినవే గీకి మళ్లీ లోపల పెట్టాడు.

విప్పిన సామాను చూపించడం రివాజు. ఇంజనులోంచి తీసినవి ఇవేనంటూ ఇంకో కారు బేరింగులు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి మావేనా? ఇంత మెరుస్తున్నాయేంటి? ఆయిల్ లేకుండా నడిపితే మాడిపోవూ?"

"ఆయిల్ లేకుంట ఎవరు నడపమన్నరు?"

"ఆయిలంతా కారిపోయిందనేగా ఆ రోజు మా ఆయన నిన్ను పంపేశారు. కాసేపటికే మనసాగక, ఇంజను పోతే పోయిందని నీ వెనకాలే కారు తీశారు. వాగు దాటకముందే పట్టేసింది."

"నాకెందుకు చెప్పలే?"

"నిన్నూ మీ అమ్మనూ అందుకోలేకపోయాక ఏ మొహం పెట్టుకుని చెబుతారు?"

వీరేందర్ పానా అందుకున్నాడు.

"సాయంత్రం కాదమ్మా, రేపు పోండి," అంటూ బిగించిన బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.