అన్నీ తెలిసిన పిల్ల

"కాకా, ఎడమకాలు చూపియ్యి."

గుమ్మంలో నిలబడి ఆ నర్సు అడగగానే రాయమల్లుకు ఒళ్లు మండింది.

ముసలివాళ్లను ఇంటికొచ్చి చూసే సర్కారు నర్సునని చెప్పింది. పేరు సుమైరా అంది.

"ఎడమకాలే ఎందుకు? కుడికాలు ఏం పాపం జేసింది?"

"ఎడమకాలు మొద్దుబారింది గద. మంచం కింది డబ్బల బెల్లం గూడ ఇగ బంద్ జెయ్యాలె. నీకు షుగరున్నది."

రాయమల్లు గతుక్కుమన్నాడు. ఆ బెల్లం సంగతి పోయిన వేసవిలో కన్నుమూసిన పెళ్లాం లస్మవ్వకు తప్ప నరమానవుడికి తెలియదు. గోదావరిఖని బొగ్గుబావిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టిన మనిషి అతను. ఉద్యోగమంతా నెత్తిమీది రాయినే నమ్మలేదు, ముక్కూముఖం తెలియని ఈ పిల్లను నమ్ముతాడా?

వారం తిరగకుండా మళ్లీ వచ్చింది.

"గోలీలు మింగుతున్నవా, దిండు కింద దాస్తున్నవా?"

ఇక అనుమానం లేదు. ఇల్లంతా ఆరా తీసే వచ్చింది.

పక్కింటి జైపాల్ కూడా అదే అన్నాడు. "ఒక్కలున్న ఇండ్లు జూసి దోసుకునేటోళ్లున్నరు కాకా. పైలం."

మూడోసారి తలుపే తీయలేదు.

"కిటికీలకెల్లన్న పాదం చూపియ్యి కాకా, చూసి పోత," అని బతిమాలింది.

"నీ కన్ను కాలు మీద లేదు, ఇంటి మీదున్నది. నడువు."

అంతటితో ఊరుకోలేదు. దవాఖాన ఆఫీసుకు వెళ్లి ఆమె మీద ఫిర్యాదు చేశాడు. ఆమెను రామకృష్ణాపూర్‌కు మార్చారు. పీడ వదిలిందని రాయమల్లు హాయిగా నిద్రపోయాడు.

కొన్నాళ్లకు చెప్పులో మేకు తేలి ఎడమపాదంలో దిగింది. అతనికి నొప్పే తెలియలేదు. పుండు కుళ్లి వాసన వచ్చాక జైపాల్ దవాఖానకు తీసుకెళ్తే, డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

వార్డులో దుప్పటి మారుస్తూ ఆయా సారవ్వ అడిగింది.

"సుమైరాను ఎల్లగొట్టిచ్చిన రాయమల్లన్నవు నువ్వేనా?"

"నా ఇంటి గుట్టంత ఆ పిల్లకెట్ల తెలుసు? ముందుగాల అది చెప్పు," అన్నాడు. కాలు పోయినా అనుమానం పోలేదు.

సారవ్వ చేతిలో పని ఆపింది.

"గామె పోయిన ఎండకాలం ఈడనే ఆడోళ్ల వార్డుల రాత్రి డ్యూటీ జేసేది. రాత్రిపూట మొగోళ్లను రానియ్యరు, నువ్వు సూడలే. తర్వాత మీ కాలనీ ఇండ్లు తిరిగే డ్యూటీ అడిగి మరీ ఏపిచ్చుకున్నది."

"ఎందుకు?"

"'మా ముసలోన్ని నీకు అప్పజెప్తున్న బిడ్డా, నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు, నా పేరింటే ఏడ్సుకుంట ముద్ద ముట్టడు' అని నీ లస్మవ్వే, పానం పొయ్యే ముందట, ఆమె చెయ్యి పట్టుకొని మాట తీసుకున్నది."