తీతువు దాచుకున్న గొంతు

చెరువులోని బాతులకు కాపలా పిట్ట కావాలని తెలిసి తీతువుకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే బెంగ పట్టుకుంది. "నా గొంతు కర్కశం. వింటే ఎవరు పనిస్తారు?" అనుకుని, పొదలో కూర్చుని కోయిలలా కూయడం నేర్చుకుంది.

తీతువు పెద్ద బాతు ఎదుటికి వెళ్ళి, తియ్యగా కూసింది.

"బాగుందమ్మా. కబురు చేస్తాంలే" అంది బాతు.

కబురు రాలేదు. తీతువుకి తిండి సయించలేదు. వెళ్ళి అడిగితే చులకనైపోతానేమోనని గట్టు చుట్టూ ఊరికే తిరిగింది.

ఒక సాయంత్రం రెల్లు పొదలు కదిలాయి. నక్క! బాతుపిల్లలు ఒడ్డునే ఆడుకుంటున్నాయి. తీతువు కోయిల కూత మరిచిపోయి గుండెలు పగిలేలా అరిచింది. పిల్లలన్నీ నీళ్ళలోకి దూకాయి. నక్క తోక ముడిచింది.

పెద్ద బాతు రొప్పుతూ వచ్చింది. "అరిచింది నువ్వా?"

"ఏమనుకోకు అత్తా, నా అసలు గొంతు అదే" అంటూ తీతువు తల దించుకుంది.

"పాటలు పాడేవాళ్ళు మాకెందుకే? ఆ రోజే ఇలా అరిచి ఉంటే నీకు పనిచ్చేదాన్ని. మొన్న నా చిన్నది నక్క నోట పడేది కాదు" అని బాతు ఏడ్చింది.

తీతువు గట్టెక్కి, రెల్లు వైపు తిరిగి కాపలాకి నిలబడింది.