ఒక్క చుక్క దిగదు

"తమ్ముడూ, ముందు ట్రైలరుకు ట్రక్కు తగిలించుకుని, ఆ తర్వాత లోడు కప్పుకోవచ్చుగా," అంది ట్వైలా.

వెర్నన్ వినిపించుకోలేదు. పడమటివైపు చూస్తున్నాడు. ఓక్లహోమా ఆకాశం అంచున మబ్బు నల్లగా లేస్తోంది.

ఇళ్ల గోడలకు బిగించే ఆ జిప్సమ్ బోర్డుల ఫ్యాక్టరీలో లోడు ఎత్తిన ట్రైలర్లను ఫ్యాక్టరీ వాళ్లే బయటికి లాగి వరసగా నిలబెడతారు. డ్రైవరు వచ్చి, టార్పాలిన్ పట్టాలు కప్పి, తన ట్రక్కు తగిలించుకుని పోవాలి. బోర్డులు ఎండలో ఎంత గట్టివో వానలో అంత మెత్తనివి. తడిస్తే గోడకు కాదు, గంజికి పనికొస్తాయి.

పోయిన నెల వెర్నన్ అమరిల్లోలో గంజే దించాడు. కంపెనీలో లోడ్లు పంచే డిస్పాచర్ ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేదు. "ఇంకొక్క లోడు తడిపావంటే ట్రక్కు తాళాలు నా బల్ల మీద పెట్టి ఇంటికి పో," అన్నాడు.

ఇంట్లో వెర్నన్ బావమరిది ఉన్నాడు. ఆరు నెలలుగా సోఫాలోనే ఉన్నాడు. ఇంటికి పోవడాన్ని మించిన శిక్ష వెర్నన్‌కు లేదు.

అందుకే అంత తొందర. ఫోర్క్‌లిఫ్ట్ వాణ్ని బతిమాలి రెండు పట్టాల చుట్టలనూ లోడు మీదికి ఎత్తించాడు. ఒక్కొక్కటి వంద పౌండ్లు. బావమరిదిలాగే అవీ తమంతట తాము కదలవు. ఫోర్క్‌లిఫ్ట్ వాడు భోజనానికి పోయాడు. వెర్నన్ నిచ్చెనెక్కాడు.

పక్క ట్రైలరు నీడలో మడతకుర్చీ వేసుకుని ట్వైలా కూర్చుంది. అరవై దాటిన మనిషి. వెర్నన్ పనిచేసే కంపెనీలోనే డ్రైవరు. భుజం ఆపరేషన్ అయి మూడు నెలలు. తన పట్టాల చుట్టల మీద కాళ్లు చాపుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంది.

"అది కాదు తమ్ముడూ, నేను చెప్పేదేమిటంటే..."

"నువ్వు చెప్పేదేదీ నాకొద్దు అక్కయ్యా. ఇరవై రెండేళ్లుగా కప్పుతున్నాను."

"ఒక్క మాట."

"అర మాట కూడా వద్దు. నీ నోరు ఆ కాఫీకి వాడుకో."

ట్వైలా నోరు కాఫీకే వాడుకుంది.

వెర్నన్ మొదటి పట్టా విప్పాడు. గాలి అందుకోసమే కాచుకున్నట్టుంది. పట్టా తెరచాపలా లేచి, మొహం మీద ఒక్క చరుపు చరిచి, టోపీని పట్టుకుపోయింది. వెర్నన్ బోర్డుల మీద బోర్లా పడి, పట్టాను కావలించుకుని, దాని తల్లినీ తండ్రినీ, దాన్ని నేసిన మిల్లునూ పేరుపేరునా తలుచుకున్నాడు.

"గాలి వచ్చే వైపు ముందు కట్టు," అంది ట్వైలా, ఉండబట్టలేక.

"నాకు తెలుసు," అని, అటువైపు ముందు కట్టాడు.

దిగాడు. ఎక్కాడు. కొక్కేల రబ్బరు తాళ్లు ఒక్కొక్కటే లాగి తగిలించాడు. ఒకటి చేతిలోంచి జారి వచ్చి మోచేతికి కొట్టింది. ఇంకొకటి ఎక్కడ కొట్టిందో చెప్పుకోలేక, కాసేపు ట్రైలరు చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

"బాగానే ఉన్నావా?"

"బ్రహ్మాండంగా ఉన్నాను," అన్నాడు, సన్నని గొంతుతో.

మబ్బు సగం ఆకాశం ఆక్రమించింది. ట్వైలా కుర్చీలోంచి కదల్లేదు.

"వాన వచ్చేస్తోంది. నీ లోడు తడుస్తుందని దిగులు లేదా అక్కయ్యా?"

"పొద్దున ఉండేది. ఈ భుజంతో ఎలారా దేవుడా అని రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు లేదు."

"వయసు మీద పడితే అంతే. దేనికీ తొందరుండదు."

"అదే అనుకో. ఆ వెనక మూల వదులుగా ఉంది చూడు. మడత లోపలికి తోసి బిగించు."

"నా ట్రైలరు నా ఇష్టం," అన్నాడు గానీ, పోయి బిగించాడు. బోర్డు అంచులు పట్టాను కోయకుండా పాత గుడ్డలు కూడా దోపాడు. మామూలుగా అంత శ్రద్ధ అతనికి లేదు. ముసలావిడ చూస్తోందన్న కసి చేయించింది.

రెండు గంటలు పట్టింది. చివరి కొక్కెం తగిలేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది, రెండు గోళ్లు చితికాయి. వెనక్కి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు. ఎక్కడా ముడత లేదు. పెళ్లికి ఇస్త్రీ చేయించిన కోటులా ఉంది. ఇరవై రెండేళ్లలో అంత చక్కగా ఎప్పుడూ కప్పలేదు.

మొదటి చినుకు అతని ముక్కు మీద పడింది. రెండోది పట్టా మీద పడి, జారి నేలకు పోయింది.

"చూశావా? సముద్రంలో ముంచినా ఒక్క చుక్క దిగదు."

"దిగదు," అని ఒప్పుకుంది ట్వైలా. "దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి."

లేచింది. ఫ్లాస్కు మూత బిగించింది. కుర్చీ మడిచి, బాగున్న భుజానికి తగిలించుకుంది. వెర్నన్ చొక్కా జేబులోంచి లోడు కాగితం తీసి, విప్పాడు.

"ఇందాకటి ఆ ఒక్క మాట ఇప్పుడు చెప్పు అక్కయ్యా. పని అయిపోయిందిగా, వింటాను."

"నా పట్టాలు నీకే వదిలేస్తున్నా తమ్ముడూ, తొందరగా కప్పుకో," అంటూ ఆమె ఇంతసేపూ తాను నీడకు కూర్చున్న ట్రైలరు మీది నంబరూ, అతని కాగితంలోని నంబరూ ఒకటేనని చూపించి, వెర్నన్ కప్పిన తన ట్రైలరుకు ట్రక్కు తగిలించుకోవడానికి వెళ్లింది.