ఎత్తిన చెయ్యి

మున్సిపాలిటీలో చైర్మన్‌ని తీసేసి పెత్తనమంతా కమిటీలకిచ్చాక, దేనికి ఎవరు చెయ్యెత్తారో ప్రతి ఇంటి గోడ మీదా సినిమాలా బొమ్మ పడేది. నీళ్ళు ఆగిన వీధివాళ్ళు వచ్చి, ఎత్తిన ఆ చేతినే విరగ్గొట్టి పోయేవారు. అందుకే నీళ్ళ కమిటీలో ఉన్న నూకాలు వంటకి కుడిచెయ్యి మిగుల్చుకుని ఎప్పుడూ ఎడమచెయ్యే ఎత్తేది.

ఆవేళ ఆసుపత్రికి నీళ్ళు చాలక, చెల్లెలు పైడమ్మ ఉండే వీధికి ఆపమని, పోయిన నెల విరిగి కట్టులో ఉన్న ఆ చేతినే ఎత్తింది. సాయంత్రానికి తలుపు బద్దలైంది. అడ్డమొచ్చిన మొగుడి తల పగిలి నెత్తురు గడప దాటింది. గుంపుకి ముందు రోకలి పట్టుకుని పైడమ్మే ఉంది.

నూకాలు కట్టు చెయ్యి చాపింది.

"అదింకా అతకనేదప్పా," అంది పైడమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "వంట నానొచ్చి సేసెడతాన్లే. ఆ రెండోది సాపు."