ధాత్రి చెవులతో

ఇప్పుడు ప్రతి బడిలోనూ ఆదివారం హోంవర్కు తల్లులకే. బడివాళ్ళిచ్చిన పట్టీ తలకు కట్టుకుంటే ప్రతి చప్పుడూ బిడ్డకు వినిపించినట్టే తల్లికీ వినిపిస్తుంది; ఇంటిపని చేసుకుంటూ ఐదు నిమిషాలు అలా వినాలి.

కాకినాడ ఫ్లాటులో హిమజ పట్టీ బిగించుకుని దువ్వెన తీసింది. ఆరేళ్ళ కూతురు ధాత్రి అప్పటికే బల్ల కింద దూరి చెవులు మూసుకుంది.

"రోజూ ఇదే గోలండి అత్తయ్యగారూ! జడేద్దామంటే చాలు, దెయ్యం వస్తోందంటుంది," అంది కుర్చీలో కూర్చున్న అత్తగారితో.

ఫ్యాను చప్పుడు రంపంలా కోసింది. హిమజ ఓర్చుకుంది. రెండడుగులు వేసేసరికి అద్దాల మేడ పగిలి మీద కూలుతున్నట్టు చప్పుడు. ఆగింది. చప్పుడూ ఆగింది. దువ్వెన ఎత్తింది. మళ్ళీ మొదలైంది, ఇంకా దగ్గరగా.

తన చేతులు చూసుకుంది. రెండు చేతులకీ డజను మట్టిగాజులు.

ఒక్కొక్కటే తీసి నేలమీద పెట్టింది.

"మతిపోయిందా? మొగుడు ఓడెక్కి సముద్రం మీదుంటే బోసిచేతులేంటే!" అత్తగారి కేక పిడుగులా పడింది.

హిమజ గబుక్కున వంగి బల్ల కింద దూరింది.

ధాత్రి ఉలిక్కిపడింది. "అమ్మా, నువ్వెప్పుడొచ్చావ్? ఆ దెయ్యం వెళ్ళిపోయిందా?"

వెనకాల అత్తగారు గాజులన్నీ పోగుచేసుకుని వస్తోంది. తల్లీ కూతుళ్ళిద్దరూ చెవులు మూసుకున్నారు.